కారు ఎందుకు కారుతోంది? పాత ఇంజిన్ ఆయిల్ లీకుల వెనుక భౌతికశాస్త్రం

"కారు అన్నాక కారకుండా ఉంటుందా సార్!" పాత కార్లు బాగుచేసే షెడ్లలో ఈ జోకు తరచూ వినిపిస్తుంది. హైదరాబాద్‌లో అలాంటి ఒక షెడ్డులో ఈమధ్య నేనూ విన్నాను. ఎదురుగా 1967 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉంది. కారు కింద పరిచిన అట్టముక్క మీద నల్లటి మరకలు. యజమాని విశ్రాంత అధ్యాపకులు. ఆ కారు వాళ్ల నాన్నగారిది. జోకు వేసిన మెకానిక్కును అక్కడ అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన నవ్వుతూనే ఒక పాత సంగతి బయటపెట్టారు. అంతకు ముందు రెండుసార్లు వేరేచోట్ల ఈ లీకును "మూసేశారు". రెండుసార్లూ బయటి నుంచి సీలెంట్ పూసి పంపేశారు. మూడోసారి ఇంజిన్ దించి చూస్తే, కేసు మీద వెంట్రుకంత సన్నని గీత కనిపించింది.

ఆ గీత మామూలు గోకుడేనా, పగులా? పగులే అయితే కేసు పనికొస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు మీద చాలా ఆధారపడి ఉంది. బీటిల్ ఇంజిన్ నంబరు చెక్కి ఉండేది ఈ కేసు మీదే. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండేదీ ఆ నంబరే. మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. అయితే వాహనం అసలు రూపంలోనే ఉండాలి. ఇంజిన్‌కు, ఛాసిస్‌కు పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కాబట్టి కేసు పారేసి ఇంకొకటి బిగించడం అంత తేలికైన నిర్ణయం కాదు.

మరి ఒక్క బొట్టు ఆయిల్ నుంచి కేసు పగులు దాకా దారి ఎలా సాగింది? మధ్యలో ఉన్నదంతా భౌతికశాస్త్రమే. ఒక్కో మెట్టూ దిగి చూద్దాం.

బొట్టు బొట్టు లెక్క

ముందు చిన్న లెక్క వేద్దాం. ఆయిల్ తలతన్యత నీటికన్నా తక్కువ కాబట్టి దాని బొట్టు కూడా చిన్నదిగానే ఉంటుంది. ఒక బొట్టు 0.04 మిల్లీలీటర్లు అనుకుందాం. పది సెకన్లకు ఒక బొట్టు చొప్పున ఆగకుండా పడితే గంటకు 14 మిల్లీలీటర్లు, రోజుకు సుమారు 345 మిల్లీలీటర్లు పోతుంది. బీటిల్ ఇంజిన్‌లో పట్టే ఆయిల్ మొత్తం రెండున్నర లీటర్లే. అంటే వారం రోజుల్లో దాదాపు అంతా ఖాళీ అవుతుంది.

నిజానికి లీకు రోజంతా ఒకే వేగంతో ఉండదు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఎక్కువగా, చల్లారాక తక్కువగా కారుతుంది. అయినా ఈ లెక్క ఒక విషయాన్ని గుర్తుచేస్తుంది. బీటిల్‌కు రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. ఇంజిన్‌ను చల్లబరిచేవి ఫ్యాను గాలి, ఆయిల్ మాత్రమే. వేరే కార్లలో అర లీటరు తగ్గితే పెద్దగా తేడా తెలియకపోవచ్చు. ఇక్కడ అర లీటరంటే మొత్తంలో అయిదో వంతు. మిగిలిన ఆయిల్ అంత వేగంగా వేడెక్కుతుంది, పలచబడుతుంది, ఇంకా ఎక్కువగా కారుతుంది.

పడిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు

లీకు వెతకడంలో చేసే మొదటి తప్పు, బొట్టు పడిన చోటికి నేరుగా పైన ఉన్న భాగాన్ని అనుమానించడం. ఆయిల్ లోహం మీద పలచని పొరలా పాకుతుంది, గురుత్వాకర్షణతో కిందికి జారుతుంది, కారు కదిలేటప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. బీటిల్‌లో ఇంకో చిక్కు ఉంది. ఆ కాలపు ఇంజిన్లలో ఆయిల్ కూలర్, ఫ్యాను గాలిని మళ్లించే రేకు తొడుగు లోపలే నిలబెట్టి ఉంటుంది. కూలర్ అడుగున ఉండే రెండు చిన్న రబ్బరు సీళ్లలో ఒకటి పాడైతే, కారిన ఆయిల్‌ను ఫ్యాను గాలి ఇంజిన్ ఎడమవైపంతా చిమ్ముతుంది. చూసేవాళ్లకు ప్రతి అతుకూ లీకవుతున్నట్టే అనిపిస్తుంది.

అందుకే మొదటి పని శుభ్రం చేయడం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు జిడ్డు తీసే ద్రావణంతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత కొద్దిసేపు నడిపి, పైనుంచి కిందికి చూసుకుంటూ రావాలి. అన్నిటికన్నా పైన తడిగా కనిపించిన చోటే అసలు అనుమానితుడు. టాల్కం పౌడరు పలచగా చల్లితే తడి గీత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కొన్ని వర్క్‌షాపుల్లో ఆయిల్‌లో ప్రతిదీప్తి రంగు కలిపి, అతినీలలోహిత దీపం కింద చూస్తారు. కంటికి కనిపించని ఆ కాంతిని రంగు అణువులు పీల్చుకుని, తక్కువ శక్తి ఉన్న పసుపుపచ్చ కాంతిగా వదులుతాయి. దాంతో లీకు దారి చీకట్లో మెరుస్తుంది.

ఇంజిన్‌కు, గేరుబాక్సుకు మధ్య నుంచి కారుతుంటే వాసన కూడా సాయపడుతుంది. గేర్ ఆయిల్‌లో గంధకం ఉన్న రసాయనాలు కలుపుతారు కాబట్టి దాని వాసన ఘాటుగా ఉంటుంది. ఆ వాసన వస్తే ఇంజిన్ విప్పినా ప్రయోజనం ఉండదు. లీకు గేరుబాక్సుది.

ఆయిల్ బయటికి రావడానికి కారణాలు

సందు, పలచదనం, పీడనం. లీకు ఎంత అన్నది ఈ మూడింటి మీద ఆధారపడి ఉంటుంది.

సన్నని సందులోంచి పారే ద్రవం పరిమాణం ఆ సందు వెడల్పు ఘనానికి అనులోమంగా ఉంటుంది. సందు సగానికి తగ్గితే లీకు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అదే సందు రెట్టింపు అయితే లీకు ఎనిమిది రెట్లవుతుంది. చిన్నగా మొదలైన లీకు ఉన్నట్టుండి పెద్దదైనట్టు అనిపించడానికి ఇదే కారణం. అతుకు మీద గోటితో తడిమితే తగిలీ తగలని గీత కూడా లెక్కలోకి వస్తుంది.

రెండోది స్నిగ్ధత, అంటే ద్రవం చిక్కదనం. ఎస్ఏఈ 30 రకం ఆయిల్ స్నిగ్ధత 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 100 సెంటీస్టోక్స్ ఉంటుంది. 100 డిగ్రీల దగ్గర అది 11 ప్రాంతానికి పడిపోతుంది. అంటే అదే సందులోంచి, అదే పీడనం దగ్గర, వేడి ఆయిల్ దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువగా కారుతుంది. పొద్దున్నే చూసి "లీకు లేదు" అనుకున్న ఇంజిన్ దూరప్రయాణం చేసి రాగానే కారడానికి ఇదొక కారణం.

మూడోది పీడనం. పంపు నెట్టే ఆయిల్ కేసు లోపల ఉన్న రంధ్రాల్లో రెండు మూడు వాతావరణ పీడనాల ఒత్తిడితో ప్రవహిస్తుంది. ఆయిల్ కూలర్, ప్రెజర్ స్విచ్ ఉండేది ఈ దారిలోనే. అక్కడి లీకు ఇంజిన్ నడుస్తున్నప్పుడు చిమ్ముతుంది, ఆపగానే తగ్గుతుంది. దీనికి తోడు కేసు లోపల ఇంకో పీడనం పుట్టవచ్చు. పిస్టన్ రింగులు అరిగితే మండిన వాయువులు వాటి పక్కనుంచి కేసులోకి జొరబడతాయి. వాటిని బయటికి పంపడానికి బ్రీదర్ గొట్టం ఉంటుంది. అది మూసుకుపోయినా, వాయువులు మరీ ఎక్కువైనా, కేసు గాలి ఊదిన బెలూన్‌లా అవుతుంది. అప్పుడు అన్ని సీళ్ల దగ్గరా ఒకేసారి తడి కనిపిస్తుంది. ఇలాంటి ఇంజిన్‌కు సీళ్లన్నీ మార్చినా నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పొగ గుప్పుగుప్పుమంటూ తన్నుకొస్తుంటే, ముందు చూడాల్సింది సీళ్లను కాదు, రింగులను, బ్రీదర్‌ను.

కదలని అతుకులు: గట్టిగా బిగిస్తే చాలదు

బీటిల్ ఇంజిన్ అడుగున గుండ్రటి రేకు మూత ఉంటుంది. దాని పైన ఆయిల్ జల్లెడ, జల్లెడకు అటూ ఇటూ రెండు కాగితం ప్యాకింగులు, చుట్టూ ఆరు చిన్న నట్లు, వాటి కింద రాగి వాషర్లు. ఈ నట్లను 7 న్యూటన్ మీటర్లకు మించి బిగించకూడదు. అదెంతో ఊహించుకోవాలంటే, 15 సెంటీమీటర్ల పానా చివర దాదాపు అయిదు కిలోల బరువు వేలాడదీసినట్టు. చేత్తో "ఇంకొంచెం" అని బిగిస్తే ఇది సులువుగా దాటిపోతుంది. అప్పుడు నట్ల దగ్గర రేకు లోపలికి వంగి, రెండు నట్ల మధ్య పైకి లేస్తుంది. లీకు ఆపాలని బిగించిన బిగింపే కొత్త సందు తెరుస్తుంది. వంగిన రేకును చదునైన గాజుపలక మీద పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. దాన్ని సరిచేసి, కొత్త ప్యాకింగులు, కొత్త రాగి వాషర్లు వేసి, టార్క్ పానాతో బిగించాలి. రాగి మెత్తనిది కాబట్టి ఒకసారి నలిగి సందు నింపుతుంది. నలిగి గట్టిపడిన పాత వాషరు రెండోసారి అంత బాగా పనిచేయదు.

కేసుకూ సిలిండర్ హెడ్లకూ మధ్య ఎనిమిది పలచని గొట్టాలుంటాయి. వాల్వులను కదిలించే పుష్‌రాడ్లు వాటి లోపల తిరుగుతాయి. ఆయిల్ తిరిగి కేసులోకి చేరేదీ వాటిలోంచే. రెండు చివరలా కలిపి పదహారు రబ్బరు సీళ్లు. వేడికి సిలిండర్లు, హెడ్లు వ్యాకోచించి కేసుకూ హెడ్‌కూ మధ్య దూరం కొద్దిగా పెరుగుతుంది. ఆ తేడాను సర్దుకోవడానికే గొట్టం చివరలను హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా చేశారు. అవి స్ప్రింగులా సీళ్లను నొక్కిపెడతాయి. పాతబడి మడతలు కుంగిన గొట్టానికి కొత్త సీలు వేసినా, నొక్కే బలం లేక కారుతుంది. అందుకే బిగించే ముందు గొట్టాలను కొద్దిగా సాగదీస్తారు. గొట్టం పొడవునా ఉండే అతుకు గీతను పైవైపుకు ఉంచుతారు. ఆయిల్ గొట్టం అడుగున పారుతుంది కాబట్టి, ఒకవేళ అతుకు విడినా కారదు.

అన్నిటికన్నా కీలకమైన అతుకు కేసుదే. బీటిల్ కేసు రెండు సగాలుగా ఉంటుంది. శనక్కాయ పప్పులు రెండూ కలిసినట్టు అవి కలిస్తే మధ్యలో క్రాంక్‌షాఫ్ట్, క్యామ్‌షాఫ్ట్ కూర్చుంటాయి. ఆ రెండు సగాల మధ్య ప్యాకింగ్ కాగితం ఉండదు. ఎందుకంటే బేరింగులు కూర్చునే గుండ్రటి గూళ్లు కూడా సగం అటు, సగం ఇటు ఉంటాయి. మధ్యలో పదో వంతు మిల్లీమీటరు కాగితం పెట్టినా ఆ గూళ్లు గుండ్రంగా ఉండవు, బేరింగుల పట్టు పోతుంది. కాబట్టి అక్కడ రెండు లోహపు ముఖాలు నేరుగా ఆనాలి. మధ్యలో అతి పలచని సీలెంట్ పొర మాత్రమే ఉండాలి.

"పలచగా" అన్నది ఇక్కడ ప్రాణం పోసే మాట. ఎక్కువ పూస్తే, అదనపు సీలెంట్ బయటికి వచ్చినంతే లోపలికీ వస్తుంది. గట్టిపడిన ఆ పోగులు తెగి, ఆయిల్‌తో కొట్టుకుపోయి జల్లెడకు అడ్డం పడతాయి. పంపుకు ఆయిల్ అందకపోతే బేరింగులు నిమిషాల్లో పట్టేస్తాయి. బొట్టు ఆపబోయి ఇంజిన్‌నే పోగొట్టుకోవడం అంటే ఇదే. కొత్త సీలెంట్ పూసే ముందు పాతదాన్ని ద్రావణంతో మెత్తబరిచి, ప్లాస్టిక్ లేదా చెక్క బద్దతో తీయాలి. ఉక్కు బ్లేడుతో గోకితే మెత్తని కేసు మీద గీతలు పడతాయి. సందు ఘనం లెక్క గుర్తుంది కదా.

తిరిగే చోట ఆయిల్‌ను ఆపడం

తిరిగే షాఫ్టు బయటికి వచ్చే చోట అతుకును మూసేయడం కుదరదు. అక్కడ సన్నని సందు ఉండక తప్పదు. బీటిల్‌లో అలాంటి చోట్లు రెండు. రెండింటికీ రెండు వేర్వేరు ఉపాయాలు వాడారు.

పుల్లీ వైపు రబ్బరు సీలు లేదు. పుల్లీ మెడ మీద స్క్రూ మరలాంటి గాడి చెక్కి ఉంటుంది. పుల్లీ తిరుగుతుంటే, స్నిగ్ధత వల్ల గాడికి అంటుకున్న ఆయిల్‌ను ఆ మర లోపలికి తోస్తుంది. పిండిమరలో స్క్రూ పిండిని ముందుకు నెట్టినట్టే. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్ పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌లో క్రాంక్ వెనుక చివరా ఇదే సూత్రం. ఇబ్బందల్లా, ఇంజిన్ ఆగితే మర పని కూడా ఆగుతుంది. ఆయిల్ మోతాదు మించినా, కేసులో పీడనం పెరిగినా, వాలులో బండి నిలిపినా ఒకటి రెండు బొట్లు పడవచ్చు. ఆ కాస్త మరక డిజైన్‌లో భాగం. దాన్ని ఆపాలని ఇంజిన్ దించడం వృథా.

ఫ్లైవీల్ వైపు మాత్రం పెద్ద రబ్బరు సీలు ఉంటుంది. దాని పెదవి తిరిగే లోహాన్ని అంటిపెట్టుకుని ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి నడిచేటప్పుడు రెండింటి మధ్య ఒక మైక్రాన్ స్థాయి మందంలో ఆయిల్ పొర ఉంటుంది. పెదవికి రెండు వైపులా వాలు వేర్వేరుగా ఉండడం వల్ల, ఆ పొరలోని ఆయిల్ తిరిగి లోపలికే పంపు అవుతుంది. అంటే మంచి సీలు ఒక చిన్న పంపులా కూడా పనిచేస్తుందన్నమాట. పెదవి తాకే చోట లోహం అరిగి గాడి పడినా, షాఫ్టు ముందుకు వెనక్కి ఊగుతున్నా ఈ పంపు పనిచేయదు.

ఆ ఊగడానికి కొలత ఉంది. బీటిల్ క్రాంక్‌షాఫ్ట్ నిలువునా 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్ల వరకు కదలవచ్చు. 0.15 దాటితే అరుగుదల కిందే లెక్క. దాన్ని డయల్ గేజ్ పెట్టి కొలుస్తారు. సీలు మార్చే ముందు ఈ కొలత తీయకపోవడం చాలామంది చేసే పొరపాటు. షెడ్డులోని బీటిల్‌లో అది 0.3 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే సీలు కారుతున్నది సీలు పాడై కాదు. దాని వెనుక బేరింగో, బేరింగు కూర్చునే కేసు గూడో అరిగిపోయింది. ఇక్కడి నుంచి కథ కేసు వైపు మళ్లింది.

కేసు లోహం ఏమిటి?

చాలామంది బీటిల్ కేసును అల్యూమినియం అనుకుంటారు. అది మెగ్నీషియం మిశ్రమం. ఘన సెంటీమీటరుకు అల్యూమినియం 2.7 గ్రాములు, మెగ్నీషియం 1.74 గ్రాములు. వెనుక చక్రాలకు అవతల వేలాడే ఇంజిన్‌కు ప్రతి కిలో తగ్గడమూ లాభమే. అందుకే 2003లో మెక్సికోలో చివరి కారు తయారయ్యే దాకా 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైన ఈ కారు, మెగ్నీషియంను కార్ల పరిశ్రమలోకి పెద్దయెత్తున తెచ్చింది.

తేలికదనానికి మూల్యం ఉంది. వేడి, ఒత్తిడి రెండూ చాలాకాలం కలిసి పనిచేస్తే లోహం మెల్లగా సాగుతుంది. దీన్ని క్రీప్ అంటారు. బరువైన పుస్తకాలు పెట్టిన చెక్క అలమర ఏళ్ల తరబడి వంగడంలాంటిదే. అల్యూమినియం, జింకు కలిపిన మామూలు మెగ్నీషియం మిశ్రమాల్లో 120 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇది వేగం పుంజుకుంటుంది. ఈ సమస్య వల్లే తర్వాతి బీటిల్ ఇంజిన్లకు సిలికాన్ కలిపిన మిశ్రమాలు వచ్చాయి. లోహపు రేణువుల సరిహద్దుల్లో ఏర్పడే మెగ్నీషియం సిలిసైడ్ కణాలు ఆ జారుడును అడ్డుకుంటాయి.

క్రీప్ దెబ్బ మొదట తగిలేది స్టడ్లు దిగిన మరలకు. హెడ్‌ను, సిలిండర్‌ను కేసుకు బిగించేవి పొడవాటి ఉక్కు స్టడ్లు. వేడికి అల్యూమినియం హెడ్ ఉక్కుకన్నా దాదాపు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. 80 డిగ్రీల తేడాకు 100 మిల్లీమీటర్ల అల్యూమినియం 0.18 మిల్లీమీటర్లు పెరిగితే, అంతే పొడవున్న ఉక్కు 0.1 లోపే పెరుగుతుంది. ఆ తేడా అంతా స్టడ్‌ను లాగుతుంది. స్టడ్ ఉక్కు కాబట్టి తట్టుకుంటుంది. మెత్తని మెగ్నీషియం మర సాగి, చివరికి స్టడ్‌తోపాటు ఊడి వస్తుంది. "మర పోయింది" అని మెకానిక్కులు చెప్పేది దీన్నే.

మందు కూడా లెక్కలోనే ఉంది. మర తట్టుకునే బలం దాని చుట్టుకొలత మీద ఆధారపడుతుంది. 10 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 14కు పెంచి, బయట 14, లోపల 10 మిల్లీమీటర్ల మర ఉన్న ఉక్కు తొడుగు బిగిస్తే, మెగ్నీషియం మీద భారం 1.4 రెట్లు ఎక్కువ చోటు మీద పరుచుకుంటుంది. కంపెనీ కూడా 1970ల్లో ఇలాంటి ఉక్కు తొడుగులను కేసులోనే అమర్చి, స్టడ్లను 8 మిల్లీమీటర్లకు తగ్గించింది. సన్నని స్టడ్ కొంచెం ఎక్కువ సాగుతుంది కాబట్టి వేడికి పుట్టే అదనపు లాగుడు తగ్గుతుంది. బలం పెంచడానికి మందం తగ్గించడం వింతగా అనిపించినా, స్ప్రింగు లెక్క అలాగే ఉంటుంది.

అరిగిన బేరింగు గూళ్లకు కూడా దారి ఉంది. అయిదు దశాబ్దాలు క్రాంక్ దెబ్బలు తిన్న గూళ్లు గుండ్రం తప్పి, ఒకే వరుసలో ఉండవు. రెండు సగాలనూ బిగించి, అన్ని గూళ్లనూ ఒకే బార్‌తో ఒకే వరుసలో కోసి, బయటి కొలత పెద్దగా ఉన్న బేరింగులు వేస్తారు. దీన్ని లేత్ షాపుల్లో లైన్ బోరింగ్ అంటారు. ఫ్లైవీల్ వైపు బేరింగు ఆనే గూడు అంచునూ అప్పుడే సరిచేస్తారు. కొత్త సీలుకు పనిచేసే అవకాశం అప్పుడు గానీ రాదు.

వెంట్రుకంత గీత

ఇక మొదట చూసిన గీత సంగతి. అది ఫ్లైవీల్ వెనుక, మూడో సిలిండర్ దగ్గర ఉంది. ఈ కేసులు పగిలే చోట్లలో ఇది పేరుమోసింది. ఆయిల్ కూలర్ గాలికి అడ్డుగా నిలబడడంతో ఆ ఇంజిన్లలో మూడో సిలిండర్ మిగతా వాటికన్నా ఎక్కువ వేడెక్కుతుంది.

పగులా, గీతా అని తేల్చడానికి రంగు పరీక్ష చేస్తారు. జిడ్డు పూర్తిగా తీసి, ఎర్రటి పలచని ద్రవం పూసి పావుగంట ఆగుతారు. కేశనాళికీయత వల్ల ద్రవం పగులులోకి దిగుతుంది. దీపం వత్తిలోకి నూనె ఎక్కే సూత్రమే ఇది. తర్వాత పైన తుడిచేసి తెల్లటి పొడి చల్లితే, లోపల దాగిన ఎరుపును పొడి పైకి పీలుస్తుంది. షెడ్డులో తెల్లటి పొర మీద మెల్లగా ఒక ఎర్రటి గీత తేలింది. సుమారు మూడు సెంటీమీటర్లు. అనుమానం తీరిపోయింది.

పగులు మొనే అసలు ప్రమాదం. ఎంత పదునైన మొన ఉంటే ఒత్తిడి అంతగా అక్కడ పోగుపడుతుందని 1913లో ఇంగ్లిస్ లెక్కకట్టారు. 10 మిల్లీమీటర్ల లోతు పగులుకు మొన వ్యాసార్ధం 0.01 మిల్లీమీటరు ఉంటే, అక్కడ ఒత్తిడి మామూలుకన్నా 60 రెట్లు దాటుతుంది. అదే మొన దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే మొన గుండ్రబడి, ఆ గుణకం ఆరు, ఏడుకు పడిపోతుంది. అందుకే పగులు పూడ్చే ముందు రెండు చివరలా చిన్న రంధ్రాలు వేస్తారు. బయట ఎపాక్సీ పుట్టీ రుద్దితే బొట్టు కొన్నాళ్లు ఆగవచ్చు. మొన మాత్రం కింద అలాగే పాకుతూ ఉంటుంది. ముందు రెండుసార్లు సీలెంట్ పూసినప్పుడు జరిగింది అదే.

వెల్డింగ్ చేయవచ్చు. అయితే మెగ్నీషియం దాదాపు 650 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని మీదుండే ఆక్సైడ్ పొర కరగాలంటే 2,800 డిగ్రీలు దాటాలి. పొర అలాగే ఉంటే కింద లోహం కరిగి కారిపోతుందే తప్ప అతకదు. అందుకే ఆర్గాన్ వాయువు రక్షణలో, ఏకాంతర విద్యుత్తుతో టిగ్ వెల్డింగ్ చేస్తారు. ఎలక్ట్రోడ్ ధన ధ్రువంగా ఉండే అరచక్రాల్లో ఆర్క్ ఆ పొరను చీల్చి పారేస్తుంది. ముందుగా కేసును సమంగా వేడిచేయాలి, లోహం సూక్ష్మరంధ్రాల్లో ఇంకిన పాత ఆయిల్‌ను తరిమేయాలి. వెల్డింగ్ వేడికి కేసు కొద్దిగా వంకర పోతుంది కాబట్టి, లైన్ బోరింగ్ ఆ తర్వాతే చేయాలి. వరుస తారుమారైతే రెండు పనులూ వృథా.

ఆ బల్ల పక్కన నీళ్ల బకెట్ లేదు, పొడి ఇసుక బకెట్ ఉంది. కేసు మొత్తంగా అంత తేలిగ్గా అంటుకోదు. దాని ద్రవ్యరాశి వేడిని లాగేసుకుంటుంది. కానీ పగులును గ్రైండింగ్ చేసేటప్పుడు రాలే పొడి, సన్నని తురుము నిప్పురవ్వకే మండుతాయి. మండే మెగ్నీషియం మీద నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట పేలుతుంది. కార్బన్ డయాక్సైడ్‌లో కూడా అది మండుతూనే ఉంటుంది. పూర్తిగా పొడిగా ఉన్న ఇసుక, లేదా లోహపు మంటల కోసం చేసిన ప్రత్యేక పొడి మాత్రమే వాడాలి. ఇంటి దగ్గర చేసుకునే పని కాదిది.

అంబాసిడర్‌కు వేరే వైద్యం

ఇవే సూచనలు అంబాసిడర్‌కు వర్తించవు. దాని బ్లాకు పోత ఇనుము. అందులో మూడు శాతానికి మించిన కార్బన్, ఎక్కువ భాగం గ్రాఫైట్ పొరలుగా ఉంటుంది. వెల్డింగ్ చేసి త్వరగా చల్లారనిస్తే అతుకు పక్కన లోహం గాజులా పెళుసై మళ్లీ పగులుతుంది. అందుకే దానికి మెటల్ స్టిచింగ్ చేస్తారు. పగులు పొడవునా రంధ్రాలు వేసి, ఒకదాన్నొకటి కొరుకుతూ కూర్చునే మరమేకులు బిగించి, అడ్డంగా లోహపు తాళాలు దిగ్గొడతారు. చిరిగిన గోనెసంచికి కుట్లు వేసినట్టు, వేడి అన్నదే లేకుండా పని జరుగుతుంది. లోహం ఏదో తెలియకుండా మరమ్మతు మొదలుపెట్టకూడదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

చివరికి అట్టముక్క

అన్ని కేసులనూ కాపాడలేం. పగులు బేరింగు గూడును మోసే అడ్డగోడలోకి పాకితే, లేదా గూళ్లు పెద్ద బేరింగుల కొలతను కూడా మించి అరిగితే, కేసును పక్కన పెట్టడమే క్షేమం. ఈ బీటిల్‌లో పగులు అడ్డగోడకు చేరకుండా ఆగింది. వెల్డింగ్, ఆ తర్వాత లైన్ బోరింగ్, స్టడ్లకు ఉక్కు తొడుగులు, చివరగా సీళ్లు. అన్నిటికన్నా చవకైన సీళ్లు చివర రావడం గమనించండి. ముందు రెండుసార్లు మొదలుపెట్టింది వాటితోనే.

తీసిన పాత ఆయిల్ సంగతి కూడా చెప్పుకోవాలి. 2016 నిబంధనల ప్రకారం మన దేశంలో వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. దాన్ని కాలువలో పారబోయకూడదు, నేల మీద చల్లకూడదు. డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రానికి చేరే దారిలో ఇవ్వాలి. కారు కింద పడే ప్రతి బొట్టూ వాన నీటితో ఎటు పోతుందో ఆలోచిస్తే, లీకు ఆపడం యజమాని జేబు విషయం మాత్రమే కాదని తెలుస్తుంది.

నెల తర్వాత మళ్లీ వెళ్లాను. కారు కింద కొత్త అట్టముక్క. దాని మీద పుల్లీకి సూటిగా ఒకే ఒక్క చుక్క. అధ్యాపకులు వంగి చూసి, "ఉస్తాద్, ఇదేమిటి?" అన్నారు.

"అది మర వదిలిన చుక్క సార్. దాన్ని ఉండనివ్వండి. ఇంకో చోట చుక్క పడితే మాత్రం నాకు ఫోన్ చేయండి."